ఆపరేషను గదిలో రబ్బరు తొడుగు

వంకాయ ఒకరికి పడదు; రొయ్యలు మరియొకరికి పడవు. పదిమంది సుఖముగా భుజించిన పదార్థమే పదునొకండవవాని ఒంటిమీద దద్దురులు లేపును. "పడకపోవుట" అని మన వాడుకభాష చెప్పు ఈ స్థితినే వైద్యులు ఎలర్జీ అందురు. తనకు పడని వస్తువేదో తెలిసినవాడు దానిని మానివేసి నిశ్చింతగా నుండగలడు. కాని ఆ పడని వస్తువు శస్త్రవైద్యుని చేతికి తొడిగియున్నప్పుడు రోగి దానిని తప్పించుకొనుట యెట్లు? అతడు మత్తులో నున్నాడు; నోరు విప్పి చెప్పలేడు. అతని శరీరమంతయు గుడ్డలతో కప్పబడియున్నది. దద్దురులు లేచినను ఎవరికిని కనబడవు.

ఈ ప్రమాదము ఊహించి వ్రాసినది కాదు. 1980–2000 మధ్యకాలమున అనేక దేశముల ఆసుపత్రులలో ఇది జరిగినది. ఒక నర్సు చేతులను కాపాడుటకై పుట్టిన రబ్బరు గ్లవుజు, నూరేండ్లు తిరుగకముందే, నర్సులకును రోగులకును ముప్పుగా మారినది. అట్లు మారుటకు కారణమేమి? దానిని వైద్యలోకము అదుపులోనికి తెచ్చిన దెట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము గ్లవుజుల చరిత్రలోనే యున్నది.

చెట్టుపాలు

జిల్లేడాకు త్రుంచినను, మర్రికొమ్మ విరిచినను తెల్లని పాలు కారుట మనమెరిగినదే. ఇట్టి చెట్టుపాలకు లాటెక్సు అని పేరు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులలో పుట్టిన హీవియా బ్రెజీలియెన్సిస్ అను చెట్టు లాటెక్సునుండి సహజరబ్బరు లభించుచున్నది. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు బ్రెజిల్ నుండి సుమారు 70,000 విత్తనములను లండన్ చెంతనున్న క్యూ ఉద్యానమునకు చేర్చెను. వానిలో కొద్దిభాగమే మొలకెత్తినది. ఆ మొలకలు సింహళమునకును, మలయాకును పంపబడినవి. ఆసియాలోని రబ్బరు తోటలకు అవియే మూలము. మన కేరళ తోటలు కూడ ఆ సంతతికి చెందినవే.

హీవియా పాలలో రబ్బరు సుమారు మూడవవంతు. మిగిలినదానిలో నీరే ఎక్కువ. వీనితోబాటు నూటికి ఒకటి రెండు పాళ్ళు మాంసకృత్తులు కూడ నుండును. చెట్టుకు గాయమైనపుడు పాలు గడ్డకట్టి గాయమును మూయుటకును, బూజుజాతి శత్రువులను ఎదుర్కొనుటకును వీనిలో కొన్ని తోడ్పడును. చెట్టుకు రక్షకములైన ఈ మాంసకృత్తులే తరువాత మానవునకు చిక్కు తెచ్చిపెట్టినవి.

ముడిరబ్బరు ఎండకు మెత్తబడి జిగురుగా మారును, చలికి పెళుసెక్కును. 1839లో అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ దోషములు పోవునని కనుగొనెను. ఈ ప్రక్రియకు వల్కనైజేషన్ అని పేరు. పలుచగా నుండి, సాగి, మరల యథాస్థితికి వచ్చు రబ్బరు పొరను తయారుచేయుట దీనివలన సాధ్యమైనది.

బాల్టిమోరు నగరములోని నర్సు

1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను, పనిముట్లను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. ఆపరేషను చేయువారు క్రిమిసంహారక ద్రవములలో చేతులు ముంచుట ఆచారమైనది. క్రిములు చచ్చుచుండెను గాని చేతుల చర్మము కూడ చెడుచుండెను.

అమెరికాలోని బాల్టిమోరు నగరములో 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైనది. అచ్చటి శస్త్రవైద్యుడు విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్. అతని ఆపరేషను గదికి ప్రధాన నర్సు కారొలైన్ హాంప్టన్. చేతులు శుద్ధిచేసికొనుటకు వాడు మెర్క్యూరిక్ క్లోరైడు ద్రావణము ఆమె చేతులకు పడలేదు. ముంజేతులవరకు చర్మము కమిలి పుండ్లు పడసాగినది. 1889–90 చలికాలములో హాల్‌స్టెడ్ గుడియర్ రబ్బరు కంపెనీవారిచే పలుచని రబ్బరు గ్లవుజులు రెండు జతలు చేయించెను. అవి ఆమెకు ఎంతయో మేలుచేసినవి. 1890లో హాల్‌స్టెడ్ ఆమెను వివాహమాడెను.

ఇక్కడ గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ గ్లవుజులు రోగిని కాపాడుటకు పుట్టినవి కావు. నర్సు చర్మమును కాపాడుటకు పుట్టినవి. పనిముట్లు అందించు సహాయకులు మొదట వానిని తొడిగిరి. శస్త్రవైద్యులు తామే తొడుగుకొనుట కొన్ని సంవత్సరములకు గాని అలవాటు కాలేదు. హాల్‌స్టెడ్ శిష్యుడైన జోసెఫ్ బ్లడ్‌గుడ్ గ్లవుజులు తొడిగి చేసిన వరిబీజపు ఆపరేషనుల ఫలితములను 1899లో ప్రకటించెను. గ్లవుజులు వాడిన ఆపరేషనులలో గాయములు చీము పట్టుట మిక్కిలి తగ్గినది. దానితో గ్లవుజు ఆపరేషను గదిలో స్థిరపడెను.

పొడి తెచ్చిన చిక్కు

ఆనాటి గ్లవుజులు ఒకసారి వాడి పారవేయునవి కావు. వానిని కడిగి, చిరుగులకు అతుకులు వేసి, ఆవిరిలో శుద్ధిచేసి మరల మరల వాడెడివారు. తడిచేతికి రబ్బరు అంటుకొనును. గ్లవుజులు కూడ ఒకదానికొకటి అంటుకొనును. అందుచేత లోపలను వెలుపలను పొడి చల్లుట ఆచారమైనది. చాలకాలము వాడినది టాల్కు, అనగా బలపపు రాతిపొడి. ఈ పొడి రోగి కడుపులో పడినచో శరీరము దానిని జీర్ణించుకొనలేదు. దాని చుట్టు గడ్డలు కట్టును. ప్రేగులు ఒకదానికొకటి అతుకుకొనును. ఈ సంగతి తెలిసిన పిమ్మట, 1940ల చివర, టాల్కునకు బదులు మొక్కజొన్న గంజిపొడి వాడుకలోనికి వచ్చినది. శరీరములో అది కరగిపోవునని వైద్యులు నమ్మిరి. కాని గంజిపొడి కూడ కొందరి కడుపులో వాపు కలిగించుచున్నదని తేలినది. ఆపరేషనుకు ముందు గ్లవుజులమీది పొడిని తుడిచివేయవలెనని పెట్టెలమీద హెచ్చరిక ముద్రించుట 1971లో అమెరికాలో ప్రారంభమైనది.

పొడివలన మరియొక కీడు కూడ కలదని అప్పటికి ఎవరును ఎరుగరు.

మూడువిధముల బాధ

గ్లవుజులవలన చేతులకు కలుగు బాధలన్నియు ఒక్కటి కావు. మొదటిది కేవలము ఒరిపిడి. చెమట, సబ్బు, పొడి కలిసి చర్మమును ఎండబెట్టి పగులగొట్టును. ఇది ఎలర్జీ కాదు. రెండవది, రబ్బరు త్వరగా గట్టిపడుటకు కర్మాగారములో కలుపు థైయురాము మొదలైన రసాయనములు పడకపోవుట. ఇది తొడిగిన ఒకటి రెండు దినములకు దురదతోను, పొక్కులతోను బయటపడును. బాధాకరమే గాని ప్రాణాంతకము కాదు. మూడవది చెట్టుపాలలోని మాంసకృత్తులే పడకపోవుట. ఇది నిమిషములలో వచ్చును, ప్రాణము తీయగలదు.

ఈ మూడవదానికి మూలము రక్తములోని ఐజీఈ అను ప్రతిరక్షకము. దీని ఉనికి 1966–67లో తెలిసినది. లాటెక్సు మాంసకృత్తి మొదటిసారి శరీరములో ప్రవేశించినపుడు బాధ యేమియు తోచదు. కాని కొందరిలో శరీరము దానిని శత్రువుగా గుర్తుంచుకొని, దానికి సరిపడు ఐజీఈని తయారుచేసి, మాస్టు కణములపై కావలియుంచును. ఆ మాంసకృత్తి మరల వచ్చినపుడు ఈ కణములు పగిలినట్లుగా హిస్టమిన్ మొదలైన పదార్థములను విడుదలచేయును. దద్దురులు లేచును, ముక్కు కారును, ఊపిరితిత్తుల గొట్టములు బిగిసి ఆయాసము వచ్చును. తీవ్రమైనచో రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోవును. ఈ తీవ్రస్థితికి ఎనాఫిలాక్సిస్ అని పేరు.

రబ్బరువలన దద్దురులు లేచిన సంగతిని 1927లోనే జర్మనీలో ఒక వైద్యుడు ప్రకటించెను. తరువాత యాభై యేండ్లు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1979లో ఇంగ్లండులో నట్టర్ అను చర్మవైద్యుడు, ఇంటిపనికి రబ్బరు గ్లవుజులు వాడు ఒక గృహిణికి దద్దురులు వచ్చుటను వర్ణించెను. 1984లో ఫిన్లండులో తూర్యన్మా మొదలగువారు ఆపరేషను గ్లవుజులవలన కలిగిన తీవ్రమైన ఎలర్జీని ప్రకటించిరి. 1987లో తూర్యన్మా 512మంది ఆసుపత్రి ఉద్యోగులను పరీక్షింపగా నూటికి సుమారు ముగ్గురికి ఈ ఎలర్జీ ఉన్నట్లు తేలినది. ఆపరేషను విభాగములలో పనిచేయువారిలో ఆ పాలు మరింత ఎక్కువ.

వదలుటకు వీలులేని తొడుగు

అది 1987వ సంవత్సరము. ఎయిడ్స్ వ్యాధి ప్రపంచమును కలవరపెట్టుచుండెను. ఆ యేడే అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రములవారు ప్రతిరోగి రక్తమును అంటు గలదిగానే భావించి జాగ్రత్తపడవలెనని సూచించిరి. అంతవరకు ఆపరేషనులకు, కొన్ని పరీక్షలకు మాత్రమే వాడిన గ్లవుజులను రక్తము తీయువారు, పుండ్లు కట్టువారు, దంతవైద్యులు అందరును రోజుకు ఎన్నోజతలు తొడుగవలసివచ్చినది. గ్లవుజుల గిరాకి హఠాత్తుగా అనేకరెట్లు పెరిగెను. లాటెక్సుతో సంపర్కము పెరిగినకొలది ఎలర్జీ గలవారి సంఖ్యయు పెరిగెను.

ఆసుపత్రివారికి వచ్చిన ధర్మసంకట మిదియే. గ్లవుజు తొడిగినచో ఎలర్జీ భయము. తీసివేసినచో అంటురోగ భయము. వ్యాధిని తెచ్చుచున్న వస్తువే వ్యాధిని ఆపుచున్నది కూడ.

రోగులలో ఎక్కువగా దెబ్బతిన్నవారు స్పైనా బైఫిడా గల పిల్లలు. వెన్నెముక పూర్తిగా మూసికొనక పుట్టు లోపమిది. వీరికి పసితనమునుండి అనేక ఆపరేషనులు జరుగును. మూత్రము తీయుటకు రబ్బరు గొట్టములను దినదినము వాడవలసియుండును. లాటెక్సు మాంసకృత్తులు శరీరములోనికి నేరుగా, మరల మరల చేరుటచే వీరిలో ఈ ఎలర్జీ ఇతర పిల్లలకంటె ఎన్నోరెట్లు అధికము. 1990 జనవరి మొదలు 1991 జనవరి వరకు అమెరికాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో 11మంది పిల్లలు మత్తులో నుండగా ఎనాఫిలాక్సిస్‌కు లోనైరి. వారిలో పదిమందికి స్పైనా బైఫిడా ఉన్నది. 1988–1992 మధ్య లాటెక్సు వస్తువులవలన కలిగిన హానిని గూర్చి అమెరికా ఆహార, ఔషధ పాలనసంస్థకు వేయికి పైగా నివేదికలు చేరినవి. వానిలో 15 మరణములు.

పొడిమీద ప్రయాణము

ఒక విషయము మాత్రము వైద్యులను ఆశ్చర్యపరచినది. కొందరు నర్సులు గ్లవుజులు తొడుగకున్నను, ఆపరేషను గదిలో అడుగిడినంతనే తుమ్ములు, ఆయాసము వచ్చుచుండెను. రబ్బరు గాలిలో ఎగురునా? రబ్బరు ఎగురదు; పొడి ఎగురును. లాటెక్సు మాంసకృత్తులు గంజిపొడి రేణువులకు అంటుకొనునని 1990లలో జరిగిన పరిశోధనలు నిరూపించినవి. గ్లవుజును చేతినుండి లాగినపుడు లేచు సన్నని పొడి ఈ మాంసకృత్తులను మోసికొని గాలిలో గంటలతరబడి తేలుచుండును. ఊపిరితో అది లోనికి పోవును. అప్పటివరకు ఎలర్జీ లేనివారికి కూడ ఈ విధముగా అది అలవడుచుండెను.

తొడుగుటకు సుఖముగా నుండునని చల్లిన పొడియే విషయమునకు వాహనమైనదని తెలియగానే చికిత్సకు దారి దొరికినది. పొడిలేని గ్లవుజులు వాడినచో గదిలోని గాలి శుభ్రపడును. గ్లవుజులను కర్మాగారములో వేడినీట బాగుగా కడిగి, క్లోరినుతో నునుపుచేసినచో పొడి అవసరముండదు. కరగి బయటకు వచ్చు మాంసకృత్తులు కూడ చాలవరకు తగ్గిపోవును.

ఆపరేషను గదిలోని కట్టుబాట్లు

ఈలోగా ఆసుపత్రులు ప్రమాదమును తగ్గించుటకు కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకొన్నవి. వానిలో మొదటిది యంత్రముతో పనిలేనిది: రోగిని ప్రశ్నించుట. బెలూను ఊదినపుడు పెదవులు వాచినవా? దంతవైద్యుడు పరీక్షించిన పిమ్మట నోరు దురద పెట్టినదా? ఇదివరలో ఆపరేషనులు ఎన్ని జరిగినవి? అరటి, అవకాడో పండ్లు తిన్నపుడు నోరు, గొంతు దురద పెట్టునా? పండ్లకును రబ్బరుకును సంబంధమేమని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. హీవియా పాలలోని హెవీన్ వంటి మాంసకృత్తులను పోలినవి ఈ పండ్లలో కూడ నున్నవి. శరీరము ఒకదానిని చూచి మరియొకటి యని పొరబడును. అందుచేత లాటెక్సు పడనివారిలో కొందరికి ఈ పండ్లును పడవు. అరటిపండు తినువారందరు భయపడవలసిన పనిలేదు. తిన్నపుడు బాధ కలిగినవారు మాత్రము ఆ సంగతిని వైద్యునికి చెప్పవలెను.

అనుమానమున్న రోగికి చర్మపరీక్షగాని రక్తపరీక్షగాని చేయుదురు. ఎలర్జీ ఉన్నదని తేలినచో ఆ మాట అతని కాగితములమీదను, చేతిపట్టీమీదను, గది తలుపుమీదను వ్రాయుదురు. లాటెక్సు లేని గ్లవుజులు, గొట్టములు, ముసుగులు, పట్టీలు ఒక బండిలో ప్రత్యేకముగా సిద్ధపరతురు. పొడి గ్లవుజులు వాడు గదులలో ఇట్టి రోగికి ఉదయమున మొదటి ఆపరేషను చేయుట ఆచారమైనది. రాత్రి గది ఖాళీగా నుండుటచే గాలిలోని పొడి అణగియుండును గదా!

ఇంత చేసినను ఏమరుపాటు పనికిరాదు. ఆపరేషను ప్రారంభమైన కొంతసేపటికి, గ్లవుజు లోపలి అవయవములను తాకుచుండగా, కారణము తెలియక రక్తపుపోటు పడిపోయి, ఊపిరి బిగిసినచో మత్తువైద్యుడు లాటెక్సును కూడ అనుమానింపవలెను. వెంటనే లాటెక్సు వస్తువులన్నిటిని తొలగించి, ప్రాణవాయువు, ఎడ్రినలిన్, సిరలద్వారా ద్రవములు ఇయ్యవలెను. ముందుగా మందులిచ్చి ఎలర్జీని అణచవచ్చునను ఆశ నమ్మదగినది కాదు. దూరముగా నుంచుటయే నిజమైన రక్షణ.

మూలమును తొలగించుట

కట్టుబాట్లు ఎలర్జీ ఉన్నవానిని కాపాడును. క్రొత్తవారికి ఎలర్జీ రాకుండ చేయుట వేరు పని. 1997లో అమెరికా వృత్తిరక్షణసంస్థ ఒక హెచ్చరిక ప్రకటించినది. లాటెక్సుతో నిత్యము పనిచేయు ఆసుపత్రి ఉద్యోగులలో నూటికి 8 నుండి 12మంది శరీరములు ఆ మాంసకృత్తులకు అలవడియున్నవని అందు పేర్కొనిరి. లాటెక్సు గల వైద్యవస్తువులమీద ఆ సంగతి స్పష్టముగా ముద్రింపవలెనను నియమము 1998లో అచ్చట అమలులోనికి వచ్చినది. "ఎలర్జీ కలిగించదు" అను అర్థమిచ్చు మాటను వానిపై ముద్రించుట నిషేధించిరి.

ఇదే కాలమున జర్మనీలో పొడిగల లాటెక్సు గ్లవుజుల వాడకమును నియమములద్వారా ఆపివేసిరి. ఉద్యోగులకు శిక్షణ ఇచ్చిరి. 1998 తరువాత ఆ దేశములో గ్లవుజులవలన వృత్తిరోగము వచ్చినదని అనుమానించిన ఆసుపత్రి ఉద్యోగుల సంఖ్య ఏటేట తగ్గుచు వచ్చినది. క్రొత్త మందేదియు కనుగొనకయే, కేవలము పొడిని తొలగించి, మాంసకృత్తులను తగ్గించి, ఒక వ్యాధిని వెనుకకు నెట్టిన ఉదాహరణ మిది. 2017 జనవరిలో అమెరికా ప్రభుత్వము పొడి గ్లవుజులను పూర్తిగా నిషేధించెను.

లాటెక్సునకు ప్రతిగా నైట్రైలు, నియోప్రీను, పాలీఐసోప్రీను వంటి కృత్రిమపు రబ్బరులు వచ్చినవి. మొదట శస్త్రవైద్యులు వానికి సులభముగా ఒప్పుకొనలేదు. లాటెక్సు గ్లవుజు చేతికి అతికినట్లుండి, సన్నని దారమును కూడ వ్రేళ్ళకు తెలియనిచ్చును, వెలయు తక్కువ. క్రమముగా కృత్రిమ గ్లవుజుల గుణము మెరుగుపడినది. అయితే వీనిలో చెట్టుపాల మాంసకృత్తులు లేకున్నను, గట్టిపరచు రసాయనము లుండవచ్చును. కావున పైన చెప్పిన రెండవవిధపు బాధ వీనివలన కూడ రావచ్చును. 2008లో లాటెక్సు గ్లవుజులను వదలివేసిన పెద్ద ఆసుపత్రులలో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రియు ఒకటి. గ్లవుజు ఏ ఆపరేషను గదిలో తొలుత తొడుగబడినదో ఆ ఆసుపత్రియే దానిని మార్చుకొనుట గమనింపదగినది.

మన దేశములో లాటెక్సు గ్లవుజులు నేటికిని విరివిగా వాడుకలో నున్నవి. కృత్రిమ గ్లవుజులు ప్రతిచోట కొనుటకు వీలుపడకపోవచ్చును. కాని రోగిని నాలుగు ప్రశ్నలడుగుటకును, అతడు చెప్పినదానిని కాగితముమీద ఎక్కించుటకును పెద్ద వ్యయము కాదు. పొడిలేని గ్లవుజును ఎన్నుకొనుట దాని తరువాతి మెట్టు.

మెర్క్యూరిక్ క్లోరైడునుండి కాపాడుటకు గ్లవుజు వచ్చినది. గ్లవుజు తొడుగుటకు టాల్కు వచ్చినది. టాల్కు చేటునుండి తప్పించుటకు గంజిపొడి వచ్చినది. గంజిపొడి లాటెక్సును గాలికెక్కించినది. వీనిలో ప్రతి మార్పును మంచి ఉద్దేశముతో చేసినదే. ఒక చిక్కును విప్పిన ఉపాయము మరియొక చిక్కునకు ముడివేయవచ్చునని ఈ చరిత్ర బోధించుచున్నది. కావున మనలను రక్షించు వస్తువును కూడ విజ్ఞానము పరీక్షించుచునే యుండవలెను. హాల్‌స్టెడ్ చేసినది ఒక నర్సు చేతులవంక శ్రద్ధగా చూచుటయే. ఫిన్లండు వైద్యులు చేసినదియు అదియే.